కొండ దిగునపుడు బ్రేకు అదురుట: కారణములు, పరీక్షలు, పంచాయతీల బాధ్యత

పానగల్ కోట కొండ నీడన నివసించువారికి ఎత్తుపల్లములు క్రొత్త కావు. 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగరు జిల్లాలో ఉండి, ఆనాటి నుండి వనపర్తి జిల్లాలో చేరిన ఈ మండలపు ప్రజలు మన్యంకొండకు, ఉమామహేశ్వరమునకు, శివరాత్రికి శ్రీశైలమునకు వాహనములు మాట్లాడుకొని కుటుంబములతో పోవుచుందురు. పోవునపుడు కొండ ఎక్కుదురు, వచ్చునపుడు దిగుదురు. ఎక్కలేని బండి నడిమిదారిలో ఆగిపోవును. దానివలన ఆలస్యమేగాని అపాయము తక్కువ. దిగునపుడు ఆగలేని బండి సంగతి అట్టిది కాదు.

బండి మరమ్మతు మెకానిక్కు పని గదా, పంచాయతీ సభ్యునకు దానితో నిమిత్తమేమి అని కొందరు అడుగవచ్చును. 2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద నాటి 12,769 గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుట జరిగినది. కావున నేడు పంచాయతీయే ఒక బండికి యజమాని. దాని బ్రేకు మంచిచెడ్డలు సర్పంచి, వార్డు సభ్యులు తెలిసికొనవలసినవే. అదిగాక, జాతరకు జీపులు, ఆటోలు, వ్యానులు బయలుదేరు నాడు ఊరిలో నలుగురు మాట వినునది పంచాయతీ పెద్దలదే.

మాకు జరిగిన ఒక అనుభవము

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ప్రచార వాహనములో మన్ననూరు మీదుగా శ్రీశైలమునకు పోవుచుంటిమి. ఆ అడవి మార్గమున రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు వాహనములను విడువరు. ఉదయము గేటు తీయువరకు నిలిచి, వటవర్లపల్లి, దోమలపెంట దాటి ఈగలపెంట చేరుసరికి మా సభకు వేళ మించుచుండెను. త్వరగా పోనిమ్మని చోదకుని తొందరపెట్టినది మేమే. అచ్చట నుండి కృష్ణానది వైపు దారి మలుపులు తిరుగుచు దిగును. నాలుగైదు మలుపులు దిగునంతలో, బ్రేకు నొక్కినప్పుడెల్ల స్టీరింగు చోదకుని చేతులలో వణుక మొదలిడెను. అతడు కొండవైపున వెడల్పైన తావు చూచి బండి ఆపి, చక్రముల క్రింద రాళ్లు పెట్టెను. “సార్, లేటయితే మాట పడదాం. బ్రేకు ఏమంటున్నదో వినకుండ ఈ కొండ దిగొద్దు” అనెను.

అతడు నాలుగు చక్రముల వద్దకు పోయి, వేనిని తాకక, జానెడు దూరమున అరచేయి ఉంచి చూచెను. మూడు చక్రముల సెగ ఇంచుమించు సమానము. ముందు ఎడమ చక్రము మాత్రము పొయ్యివలె సెగ క్రక్కుచుండెను. అతడు సున్నిపెంట నుండి మెకానిక్కును పైకి పిలిపించి, అచ్చటనే చక్రము విప్పించెను. బ్రేకు ప్యాడులు ముందుకు వెనుకకు జరుగుటకు ఆధారమైన పిన్ను దుమ్ముతో, త్రుప్పుతో బిగిసిపోయి యుండెను. అందువలన, పాదము తీసినను ప్యాడు డిస్కును వదలక ఒరయుచునే యున్నది. ఒక ప్యాడు అరిగి ఇనుప రేకు వరకు వచ్చినది. రెండవది సగము మిగిలియున్నది. డిస్కుపై అచ్చటచ్చట నీలి మచ్చలు తేలినవి. ఆనాటి సభ జరుగలేదు. మేము మాత్రము అందరము ఇండ్లకు చేరితిమి.

బ్రేకు చేయు పని

బ్రేకు బండి వేగమును మాయము చేయదు, దానిని వేడిగా మార్చును. చక్రముతో కలిసి తిరుగు ఇనుప పళ్లెమును డిస్కు అందురు. దానిని ఇరువైపుల నుండి ప్యాడులు పట్టుకొనును. కొన్ని బండ్లలో, ముఖ్యముగా వెనుక చక్రములకు, డిస్కునకు బదులు డ్రమ్ము ఉండును. దాని లోపలి గోడను లైనరు అతికిన షూలు ఒరయును. రెండింటిలోను రాపిడియే ఆధారము, రాపిడి ఫలము వేడిమి.

ఒక లెక్క చూతము. మనుషులతో, సామానుతో 3 టన్నులు తూగు వ్యాను 300 మీటర్ల ఎత్తు నుండి దిగినదనుకొనుడు. ఆ దిగుటలో విడుదలయగు శక్తి అంతయు వేడిగా మారినచో, సుమారు 30 లీటర్ల నీటిని మరుగు స్థితికి తేగలదు. అదే వ్యానును చదునైన నేలపై గంటకు 60 కిలోమీటర్ల వేగము నుండి ఒకసారి ఆపినచో పుట్టు వేడి ఇందులో ఇరువదియవ వంతు మాత్రమే. అనగా 300 మీటర్లు దిగుట ఇరువదిసార్లు ఆపుటతో సమానము. చదునైన దారిలో రెండు ఆగుటల నడుమ బ్రేకు చల్లారును. ఘాటులో ఆ విరామము దొరకదు. ఊరిలో మంచిదని తోచిన బ్రేకు కొండపై తన లోపమును బయటపెట్టుట ఇందువలననే.

బరువు పెరిగిన కొలది వేడియు అంత పెరుగును. మనిషికి 60 కిలోల చొప్పున, మితిమీరి ఎక్కించిన 20 మంది బరువు 1,200 కిలోలు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డుపై దిగుచున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. వారిలో అధికులు స్త్రీలు. ఆ బస్సులో ఉండదగిన సంఖ్యకు చాల మించి ప్రయాణికులుండిరి. కొండ దిగు బండిలో ఇంకొకరికి చోటున్నదా అని మాత్రమే చూచుట చాలదు. ఇంకొకరి బరువును బ్రేకు మోయగలదా అనియు చూడవలెను.

అదురు ఎట్లు పుట్టును?

కుమ్మరి సారెపై తిరుగు కుండ అంచు ఒకచోట మందముగా ఉన్నచో, ఆ తావు వచ్చినప్పుడెల్ల అంచుపై నుంచిన వ్రేలు ఎగురును. బ్రేకు అదురు కూడ అట్టిదే. డిస్కు మందము చుట్టును సమానముగా ఉండవలెను. మిల్లీమీటరులో నూరవ వంతు, రెండు వంతుల తేడా వచ్చినను ప్యాడు పట్టు ఒకచోట హెచ్చి, ఒకచోట తగ్గును. ఆ హెచ్చుతగ్గులే పాదమునకు, చేతికి అదురుగా తెలియును.

చక్రపు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 10 మీటర్లు పోవును. అనగా చక్రము 5 చుట్లు తిరుగును. డిస్కుపై ఒక తావు మందమైనచో సెకనుకు 5 అదురులు కలుగును. వేగము సగమైనచో అదురులును సగమగును. వేగమునుబట్టి అదురు తాళము మారుచున్నచో, దోషము చక్రముతో తిరుగు వస్తువులో ఉన్నదని గ్రహింపవలెను.

ఈ తేడాకు కారణములు పెక్కు గలవు. వానిలో ముఖ్యమైనవి:

1. ప్యాడు పిన్నుగాని, పిస్టనుగాని బిగిసిపోయి, ప్యాడు ఎల్లప్పుడు ఒరయుట.

2. డిస్కు మిక్కిలి కాగినపుడు ప్యాడు పదార్థము దానిపై మచ్చలుగా అంటుట. బాగుగా కాగిన బండిని ఆపి, పెడలును అట్లే నొక్కిపట్టి యుంచినచో, ప్యాడు ఉన్నచోట అచ్చు పడును.

3. చక్రము మార్చునపుడు నట్లను అసమానముగా బిగించుట, డిస్కునకు దాని పీటకు నడుమ త్రుప్పుగాని, మట్టిగాని చేరుట. అపుడు డిస్కు ఒరగి తిరుగుచు క్రమముగా ఒకచోట అరుగును.

4. డ్రమ్ము గుండ్రదనము కోల్పోవుట.

5. చక్రపు బేరింగు, స్టీరింగు కీళ్లు వదులగుట. ఇవి చిన్న అదురును పెద్దదిగా చేసి చూపును.

“డిస్కు వంగినది” అని సాధారణముగా చెప్పుదురు. నిజమునకు పెక్కు సందర్భములలో అది వంగియుండదు, మందములో తేడా వచ్చియుండును. ఈ భేదము తెలియుట అవసరము. పిన్ను బిగిసిన బండికి డిస్కు మాత్రము మార్చినచో, క్రొత్త డిస్కును కొలది నెలలలో అదే స్థితికి వచ్చును. డబ్బు పోవును, దోషము నిలుచును.

దోషము కనిపెట్టు పరీక్షలు

ఈ పరీక్షలను కొండపై చేయరాదు. జనసంచారము లేని చదునైన దారిలో, తక్కువ వేగమున, తెలిసిన చోదకుడే చేయవలెను.

మొదటి పరీక్ష: అదురు ఎప్పుడు వచ్చుచున్నది? బ్రేకు నొక్కకున్నను ఒక వేగము దాటగానే వచ్చుచున్నచో, టైరు ఉబ్బుగాని, చక్రపు తూకము తప్పుటగాని, ఇరుసు కీలుగాని కారణము కావచ్చును. నొక్కినపుడు మాత్రమే వచ్చి, వదలగానే పోవుచున్నచో బ్రేకునే అనుమానింపవలెను. బ్రేకు తాకక, తక్కువ గేరులో ఇంజను పట్టుతో దిగునపుడే బండి వణకుచున్నచో ఇంజను దిమ్మెలను, ఇరుసు కీళ్లను చూపవలెను.

రెండవ పరీక్ష: ఎచ్చట తెలియుచున్నది? స్టీరింగు వణకినచో ముందు చక్రములు, కూర్చున్న సీటు, క్రింది రేకు వణకినచో వెనుక చక్రములు అనుమానింపదగినవి. పెడలు పాదమును పైకి తన్నుచున్నచో డిస్కు మందములో తేడాగాని, డ్రమ్ము గుండ్రదనములో తేడాగాని ఉన్నదనుకొనవచ్చును.

మూడవ పరీక్ష: హ్యాండు బ్రేకు వెనుక చక్రములపై పనిచేయు బండిలో, గంటకు 20 కిలోమీటర్ల వేగమున, మీటను నొక్కిపట్టియే హ్యాండు బ్రేకును మెల్లగా లాగి వదలవలెను. అదే అదురు వచ్చినచో దోషము వెనుకనున్నది. రాకున్నచో ముందు చక్రములను విప్పి చూడవలెను.

నాలుగవ పరీక్ష: చల్లని బ్రేకా, కాగిన బ్రేకా? ఉదయము మొదటిసారి నొక్కినపుడే అదిరినచో అరుగుదల స్థిరపడినదని అర్థము. కొంతదూరము దిగిన పిమ్మటనే అదిరినచో వేడికి సంబంధించిన దోషము. అపుడు చక్రముల సెగను దూరము నుండియే పోల్చవలెను. ఎన్నడును చేతితో తాకరాదు. ఒక చక్రము తక్కిన వానికంటె మిక్కిలి కాగినచో అచ్చట బ్రేకు వదలుట లేదు. ఒక చక్రము చల్లగా ఉన్నచో అచ్చట బ్రేకు పట్టుటయే లేదు. ఆ రెండవదియు ప్రమాదమే.

ఐదవది పరీక్షకంటె హెచ్చరిక. ఏ.బి.ఎస్. అమర్చిన బండిలో, కంకరపైగాని, తడి నేలపైగాని గట్టిగా నొక్కినపుడు పెడలు టపటప కొట్టుకొనుట ఆ యంత్రపు సహజ లక్షణము. దానికి బెదరి పాదము తీయరాదు. మెల్లగా నొక్కినను, ప్రతిసారియు కొట్టుకొన్నచో అది దోషము.

ఇంతవరకు చోదకుడు చేయగలడు. ఆపై డయలు గేజీతో డిస్కు ఒరుగును, మైక్రోమీటరుతో మందమును పలుచోట్ల కొలుచుట మెకానిక్కు పని. ఉండవలసిన కనీసపు మందమును సాధారణముగా డిస్కుపైననే చెక్కియుందురు. లేతు పట్టించిన పిమ్మట దానికంటె తగ్గునట్లున్నచో మార్చవలసినదే. పలుచని డిస్కు మరింత త్వరగా కాగును.

అదురుకంటె తీవ్రమైన సూచనలు

అదురు బ్రేకు ఇచ్చు మొదటి కేక. పిమ్మటి కేకలను కూడ గుర్తింపవలెను. పెడలు గట్టిగానే ఉండి బండి ఆగకున్నచో లైనరు మిక్కిలి కాగి పట్టు కోల్పోయినదని తెలియును. పెడలు మెత్తబడి లోనికి దిగిపోవుచున్నచో బ్రేకు ఆయిలు మరిగి ఆవిరి పుట్టియుండవచ్చును. ఆవిరి నొక్కినకొలది నలుగును, బలము చక్రమును చేరదు. డాట్ 3 రకపు క్రొత్త ఆయిలు మరుగుటకు కనీసము 205 డిగ్రీల వేడి పట్టును. అది గాలిలోని తేమను పీల్చుకొన్న పిమ్మట 140 డిగ్రీలకే మరుగవచ్చును. డాట్ 4 రకమునకు ఈ అంకెలు 230, 155. ఆయిలు తరుగకపోయినను సుమారు రెండు సంవత్సరముల కొకసారి మార్చుమని చెప్పుట ఇందుకే.

కాలిన వాసన, పొగ, బండి ఒక ప్రక్కకు లాగుట కనబడినచో వెంటనే తావు చూచి ఆపవలెను. గేరులో ఉంచి చక్రములకు రాళ్లు పెట్టవలెను. కాగిన డిస్కుపై నీరు పోయరాదు, అది పగులవచ్చును. చల్లారుటకు అరగంటయైనను ఈయవలెను. చల్లారగానే దోషము పోయినదని భ్రమింపరాదు. కదలునపుడు పెట్టిన రాళ్లను దారి నుండి తీసివేయుట మరువరాదు. ఒక బండిని కాచిన రాయి చీకటిలో ఇంకొక బండికి మృత్యువు కాగూడదు.

కొండ దిగు విధానము

ఎక్కుటకు ఏ గేరు అవసరమైనదో, దిగుటకును ఆ గేరునే వాడుమని పాత చోదకుల మాట. అది నేటికిని మంచి మాటయే. గేరును దిగుడు మొదలు కాకమునుపే వేసికొనవలెను. పాదమును బ్రేకుపై నిరంతరము ఆనించి యుంచరాదు. వేగము హెచ్చినపుడు గట్టిగా నొక్కి, గంటకు ఎనిమిది పది కిలోమీటర్లు తగ్గగానే పూర్తిగా వదలవలెను. ఆ నడుమ బ్రేకునకు గాలి తగిలి చల్లారును.

డీజిలు మిగిలించు ఆశతో న్యూట్రలులో దిగుట, ఇంజను ఆపి దిగుట ప్రాణాంతకము. ఇంజను ఆగినచో బ్రేకునకు తోడ్పడు శక్తి రెండు మూడు నొక్కులలో తీరిపోవును. స్టీరింగు బరువెక్కును. గాలి బ్రేకులుగల బస్సులో, లారీలో గాలి నిండదు. ఎక్కు బండికి దారి విడుచుట దిగు బండి ధర్మము.

పంచాయతీ ట్రాక్టరు విషయము

ట్రాక్టరునకు కుడి, ఎడమ వెనుక చక్రములకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉండును. పొలములో మళ్లుటకు అది సౌకర్యము. రోడ్డుపైకి రాగానే రెండింటిని కొక్కెముతో కలుపవలెను. కలుపక ఒకటే నొక్కినచో ట్రాక్టరు గిరుక్కున తిరుగును. కలిపినను రెండింటి బిగువు సమానముగా లేనిచో ఒక ప్రక్కకు లాగును.

సాధారణముగా మన ట్రాలీలకు, ట్యాంకరులకు తమ స్వంత బ్రేకులు ఉండవు. వాని బరువంతయు దిగుడులో ట్రాక్టరును వెనుక నుండి త్రోయును. తగిలించు పిన్ను, దాని రంధ్రము అరిగినచో బ్రేకు వేసినప్పుడెల్ల ధనధన మని కుదుపులు వచ్చును. సగము నిండిన ట్యాంకరులో నీరు ముందు వెనుకలకు కొట్టుకొని, ట్రాక్టరును ఊపును. ఈ రెండును బ్రేకు అదురని పొరబడుటకు వీలున్నది. ట్రాలీ విప్పి, ట్రాక్టరును మాత్రమే నడిపి చూచినచో నిజము తెలియును. ఒంటి ట్రాక్టరు అదరకున్నచో పిన్నును, ట్యాంకరును చూడవలెను. దిగుడులో క్లచ్చి నొక్కరాదు. ట్యాంకరును నిండుగనైనను, ఖాళీగనైనను దింపుట మేలు. ట్రాలీ సామానునకే గాని మనుషులకు కాదు.

పంచాయతీ చేయవలసినది

మా అనుభవమున ఒక మాట మిగిలియున్నది. ఆనాడు తిరిగివచ్చిన పిమ్మట మేము వాహనపు లాగు పుస్తకము తిరుగవేసితిమి. నెల దినముల క్రిందటనే చోదకుడు “బ్రేకు కొంచెము అదురుచున్నది” అని వ్రాసియుండెను. ఆ పుట క్రింద సంతకము మాది. దూరము, డీజిలు అంకెలు చూచి సంతకము చేసితిమి గాని ఆ వాక్యము చదువలేదు. అప్పుడు చదివియున్నచో ఒక పిన్ను శుభ్రపరచి, కొంత గ్రీజు పూయుటతో పోయెడి పని. చదువనందున డిస్కు, ప్యాడులు మార్చవలసి వచ్చినది. మలుపున ఆ చోదకుడు మా తొందరకు లోబడియున్నచో పోయెడివి ప్రాణములే.

కావున పంచాయతీ సభ్యులకు మా మనవి ఇది. ట్రాక్టరునకు ఒక పుస్తకము పెట్టుడు. చోదకుడు తన మాటలలో దోషములు వ్రాయుటకు అందులో చోటుంచుడు. ప్రతి నెల సమావేశములో ఆ పుట చదివించి, చేసిన మరమ్మతును ఎదుట వ్రాయించుడు. జాతరకు వారము ముందు ఊరి నుండి బయలుదేరు బండ్ల చోదకులను పిలిచి, పైన చెప్పిన పరీక్షలు చేయించుడు. మీ హద్దులోని దిగుడుపై కంకర, ఇసుక పేరుకొన్నచో ఊడ్పించుడు. మలుపు వద్ద హెచ్చరిక పలక లేనిచో తీర్మానము చేసి రోడ్లు భవనముల శాఖకు పంపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, బండి బాగులేదని చెప్పి ఆపిన చోదకుని మందలింపకుడు. అతనిని తొందరపెట్టువారు మనమే గనుక, అతనికి ధైర్యము చెప్పవలసినవారమును మనమే.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీ ట్రాక్టరు పెడళ్లను కలుపు కొక్కెము సరిగా ఉన్నదా? దానిని చివరిసారి ఎవరు చూచిరి?

2. బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చితిమి? ఆ తేదీ ఎచ్చటనైనను వ్రాసి యున్నదా?

3. స్టీరింగు వణకుట, సీటు వణకుట: ఈ రెండింటివలన ఏ యే చక్రములను అనుమానింతుము?

4. గత సంవత్సరము జాతరకు పోయిన బండ్లలో పరిమితికి మించి ఎక్కినవారెందరు? ఈ సంవత్సరము దానిని ఎట్లు నివారింతుము?

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములు వచ్చు గ్రామసభ నాటికి సిద్ధపరచుకొందురని ఆశించుచున్నాము.